కన్నాలు మూసిన కారు

పోతురాజు కారు కొన్నాడంటే భావనపాడులో మొదట ఎవరూ నమ్మలేదు. తీరా అది ఇసుక దారిలో దగ్గుకుంటూ వచ్చి, వలలు ఆరేసిన చోట ఆగిపోయి, పదిమంది తోస్తేగానీ ఇంటిముందుకి చేరకపోయేసరికి నమ్మక తప్పలేదు. విజయనగరంలో ఒక ఫొటో స్టూడియో ఆయన పదిహేనేళ్ళు పెళ్ళిళ్ళకి తిప్పి తిప్పి వదిలేసిన డీజిల్ బండి అది. ముందునుంచి చూస్తే కారే. వెనకమాత్రం డిక్కీ బదులు చిన్న గదిలాగ పొడుగ్గా సాగి ఉంటుంది. ఎస్టేట్ కారంటారట. పోతురాజుకి నచ్చింది ఆ సాగిన భాగమే. అందులో నాలుగు చేపల పెట్టెలు పడతాయి, ముందు సీట్లో ఆడమనిషి దర్జాగా కూర్చుంటుంది.

ఆ ఆడమనిషి అతని పెళ్ళాం లక్ష్మణమ్మ. ఇరవై రెండేళ్ళుగా చేపలు టెక్కలి బజారుకి తీసుకెళ్ళి అమ్ముకొస్తోంది. ఆ ఏడు, అంటే రెండువేల పదహారు మాఘమాసంలో, ఒక సర్వీసాటోవాడు నీచు కంపని ఎవరో సణిగారని ఆమెని గంపతో సహా నౌపడ ఉప్పుమడుల దగ్గర దింపేసి వెళ్ళిపోయాడు. మిగతా దారంతా ఎండలో నడిచింది. ఇంటికొచ్చి ఒక్క మాట అనలేదు. నాలుగు రోజులయ్యాక ఆ సంగతి పోతురాజుకి ఎవరో చెప్పారు. అతనూ ఆమెని అడగలేదు. అడగలేదు గానీ గుండె రగిలిపోయింది. సముద్రంలో పదిమందిని మోసుకెళ్ళి తీసుకొచ్చేవాడు కట్టుకున్నదాన్ని టెక్కలి దాకా తీసుకెళ్ళలేడా అని తనని తానే తిట్టుకున్నాడు. కారు కొన్నది అందుకు.

వాళ్ళలో ఒక పద్ధతుంది. పడవ ముందు కొసని అణియం అంటారు. కొత్త పడవ నీళ్ళలో దిగేముందు ఇంటి ఆడమనిషి అణియానికి పసుపు రాసి బొట్టు పెట్టాలి. పెట్టేదాకా ఆ పడవ ఆ ఇంటిది కాదు. పోతురాజు కుంకుమ భరిణ తెచ్చి పెళ్ళాం చేతికిచ్చి, కారు ముందు నిలబడ్డాడు.

లక్ష్మణమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు వేస్తే తుప్పు రాలింది. లోపల కాలు పెట్టబోతే అడుగు రేకులోంచి ఇసుక కనపడింది.

"తుక్కుకి అణియమేటి మావా?" అని భరిణ తిరిగిచ్చేసింది.

"బాగుసేత్తానే. రెండు నెల్లు వేట లేదు కదా, నా సేతులేటి సేత్తాయి?"

"సెయ్యి. జూన్ పన్నెండున గజపతినగరంలో మా అన్న దాలప్ప మనవరాలికి పేరెడతారు. దీంట్లోనే ఎల్దాం. దారిలో నన్ను ఒక్కపాలి దింపిందా, మర్నాడే పాత ఇనపసామానోడికి ఇచ్చీ. సరేనా?"

"సరే," అన్నాడు పోతురాజు.

ఏప్రిల్ నడుమనుంచి వేట నిషేధం. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. పోతురాజు కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. ఇంజను అతన్ని భయపెట్టలేదు. పడవ ఇంజనుకీ దీనికీ కూడు ఒకటే, డీజిలు. గొట్టంలో గాలి తీశాడు, ఫిల్టరు మార్చాడు, మసి గోకాడు, నాలుగో రోజుకి బండి దగ్గు మానేసి గుర్రుమంది. వెనక తలుపు ఎత్తితే నిలవడం లేదు. విరిగిన తెడ్డు ముక్క కోసి దానికి ఊతకర్ర చేశాడు. పైన సామాను జారిపోకుండా పాత వల ముక్క బిగించాడు. ముందు తలుపులు రెండింటికీ అడుగున గుండ్రంగా కోసి స్పీకర్లు కూడా పెట్టాడు. పాటలు లేకపోతే అదేం ప్రయాణం!

ఇక కన్నాలు. అక్కడే మన పోతురాజు బుద్ధి బయటపడింది. పుట్టిందగ్గర్నుంచీ సముద్రంలో బతికినవాడికి కన్నమంటే యముడే కదా. ఫైబరు పడవకి అతుకులేసే గుడ్డ, జిగురు ఇంట్లోనే ఉన్నాయి. తుప్పు తిన్న అడుగంతా గోకి, గుడ్డ పరిచి, జిగురు పోసి నున్నగా చేశాడు. అది బాగానే ఉంది. అక్కడితో ఆగితేనా! కారు అడుగున గుండ్రటివి కొన్ని, తలుపుల కింది అంచున సన్నటివి కొన్ని, ఎవరో కావాలని పెట్టినట్టు తీరైన కన్నాలు కనపడ్డాయి. వాటినీ వదల్లేదు. వేలితో తడిమి తడిమి, ఒక్కొక్కదాన్నీ మూసేశాడు.

పక్క పడవ మీద చుట్ట కాల్చుకుంటూ కూర్చునే అప్పలసూరి, వరసకి బావ, ఇదంతా రోజూ చూస్తూనే ఉన్నాడు.

"ఒరే బావా, అయి కంపినీవోలే ఎట్టుంటార్రా. దేనికో ఒకదానికి ఎట్టుంటారు," అన్నాడు.

"కంపినీవోలికి సముద్రం తెలుసేటి? ఇప్పుడు దీన్ని తోసుకెళ్ళి అలల్లో ఎట్టు. ఒక్క సుక్క లోపలికి రాదు."

"కారుని అలల్లో ఎవుడెడతాడ్రా?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పోతురాజు ఇంకో రెండు కన్నాలు మూశాడు.

పన్నెండో తారీకు పొద్దున్నే బయల్దేరారు. లక్ష్మణమ్మ పచ్చ పట్టుచీర కట్టింది, పిల్లకి వెండి మొలతాడు, పసుపు కుంకాలు సంచీలో పెట్టుకుంది. సీట్లో ముందు అంచు మీదే కూర్చుంది, ఎప్పుడు దిగమంటారో అన్నట్టు. అప్పలసూరి దారికి ఎదురొచ్చి మరీ, "ఎల్లండెల్లండి, తాడట్టుకుని ఎనకాల నేనొస్తాను," అని నవ్వాడు.

టెక్కలి దాటింది. శ్రీకాకుళం దాటింది. బండి ఎక్కడా మొరాయించలేదు. పాటలు మోగుతున్నాయి. లక్ష్మణమ్మ కొంచెం కొంచెంగా వెనక్కి జరిగి వీపు ఆనించింది. పోతురాజు కంటికొసతో అది చూసి, లోపల్లోపల ఎంత మురిసిపోయాడో ఏం చెప్పను. మీసం దువ్వుకోడానికి స్టీరింగు వదిలితే లక్ష్మణమ్మ చెయ్యి మీద ఒక్కటేసింది.

రణస్థలం దాటాక వాన పట్టుకుంది. అదేం వానో, బిందెలతో గుమ్మరించినట్టు. అరగంట సేపు వైపర్లు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఉన్నట్టుండి తలుపుల్లో గలగలమని చప్పుడు మొదలైంది. బండి మలుపు తిరిగితే గలగల, గతుకులో పడితే గలగల. పోతురాజు పాట సౌండు పెంచాడు. ఆ తరవాత స్పీడు బ్రేకరు దగ్గర బ్రేకు నొక్కాడో లేదో, లక్ష్మణమ్మ పక్క స్పీకరు బుడబుడమని గొణిగి, పాట మింగేసి, బక్కెట్టు నీళ్ళు ఆమె పట్టుచీర మీద కక్కింది.

"ఓలమ్మో!" అని ఆమె కాళ్ళు సీటు మీదకి లాక్కుంది. కింద చూస్తే మడమ లోతు నీళ్ళు. ఒక చెప్పు తేలుతోంది.

పోతురాజు బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. "కిందనించి సుక్క రాదే! నా సేతులతో మూసేను!" అంటూనే టిఫిను డబ్బా మూత తీసి, పడవలో తోడినట్టు నీళ్ళు తోడి కిటికీలోంచి పొయ్యడం మొదలెట్టాడు. కిటికీలోంచి వాన అంతకంటే ఎక్కువ లోపలికొస్తోంది.

లక్ష్మణమ్మ ఆగలేక నవ్వేసింది.

"కింద నీకు సముద్రముందేటి మావా? నీళ్ళు పైనించి వస్తన్నాయి. నా ఐసు పెట్టెకి అడుగున కన్నం నువ్వే ఎట్టేవు కదా. ఎందుకెట్టేవు?"

"ఐసు కరిగిన నీరు పోడానికి. పోకపోతే సేప పాడైపోద్ది..."

పోతురాజు చేతిలో మూత అలాగే ఆగిపోయింది. అద్దం పక్కనుంచి తలుపులోకి దిగిన వాన బయటకి పోవడానికే ఆ సన్నటి కన్నాలు పెట్టారు. రెండు నెలలు వీపు అరిగేలా పడుకుని, ఉన్న దారులన్నీ తన చేత్తోనే మూసుకున్నాడు. ఎంత తెలివి!

వెనకనుంచి స్క్రూడ్రైవరు, సుత్తి తీసి, వానలో ఇటుపక్కకొచ్చి ఆమె తలుపు తెరిచాడు. తల ఎత్తలేకపోయాడు. తలుపు కిందనుంచి కొట్టాలి, అడుగు రేకుకీ కొట్టాలి. మనిషి దిగాలి. దిగితే పందెం పోయినట్టే, బండి పోయినట్టే.

"నువ్వే నెగ్గేవే. దిగు. రేపే ఇచ్చేత్తాను," అన్నాడు.

లక్ష్మణమ్మ కదల్లేదు. కాళ్ళు ఇంకా దగ్గరికి ముడుచుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, సీటు నిండా కూర్చుంది.

"నేను దిగను."

"తడిసిపోతావే..."

"తడిస్తే తడిసేను. నౌపడలో ఒకడు దిగమన్నాడని దిగేను. అదొక్కపాలి సాలు. నేనిలగే కూకుంటాను, నువ్వు కొట్టు."

ఆ మాట ఆమె నోటంట రావడం అదే మొదలు. పోతురాజు వాననీళ్ళో కన్నీళ్ళో తుడుచుకుని బురదలో మోకాళ్ళేసి కొట్టాడు. మొదటి జిగురు బిరడా ఊడి, నీళ్ళు సర్రున అతని ముఖం మీదే పడ్డాయి. పైనుంచి ఆమె, "అదిగో, ఇంకోటి. ఆ మూలకి కొట్టు. అక్కడా ఉన్నాది," అని ఐసు పెట్టె కడిగించినట్టే చెప్తూ పోయింది. పావుగంటలో నాలుగు తలుపులూ, అడుగూ ఖాళీ అయ్యాయి. తుప్పుకి వేసిన అతుకుమాత్రం చెక్కు చెదరలేదు.

అతను తడి ముద్దలా వచ్చి స్టీరింగు ముందు కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను గుర్రుమంది.

"ఆగు," అంది లక్ష్మణమ్మ. ఎవరూ దింపకుండా, తలుపు తీసుకుని తనే దిగింది. సంచీలోంచి పసుపు, కుంకం పొట్లాలు తీసి, చీరకొంగు వానకి అడ్డంపెట్టి, బండి ముందుకెళ్ళింది.

"మావా! దీనికి అణియమెటు? ఇంజను ఏపేనా?"

"ఆ, అటే!" అని అరిచాడు పోతురాజు.

బానెట్టు మీద పసుపు రాసింది. వాన కడిగేసింది. మళ్ళీ రాసింది, మీద బొట్టు పెట్టింది, అదీ కారిపోయింది. మూడోసారి అరచేయి అడ్డంపెట్టి, ముద్దగా అద్ది, వచ్చి తన సీట్లో కూర్చుని తలుపేసుకుంది.

"ఇంకేటి సూస్తన్నావు, తోలు. మనం ఎల్లేసరికి పిల్లకి పేరెట్టేత్తారు."