ఒక్క చక్రానికే చెయిన్

"జ్యోతీ, టీలు!" అని వాకిట్లోంచి కేక వచ్చేసరికి నేనింకా పెసరట్లు వేస్తున్నాను. ఆదివారం మా రేపల్లె ఇంట్లో నా డ్యూటీ అది. వాకిట్లో మా ఆయన కిరీటి, ఆయన స్నేహితుడు దుర్గాశ్రీనివాస్ ఇనప గొట్టాలు అతికించి బ్యాటరీతో నడిచే గో-కార్ట్ తయారుచేస్తున్నారు. సూర్యలంక బీచ్‌కి వచ్చే పిల్లలకి అద్దెకు తిప్పాలని వాళ్ల ఆలోచన.

టీ తీసుకెళ్లేసరికి బండి మళ్లీ గోడకి గుద్దుకుని ఉంది. తిన్నగా బాగానే పోతోంది, మలుపు తిరగమంటేనే మొండికేస్తోంది.

"చెయిన్ తీసేసి బెల్టు వేద్దాంరా," అన్నారు ఈయన.

"బెల్టు కాదెహె, రెండు చక్రాల్లోనూ మోటార్లే పెట్టేద్దాం," అన్నాడు శ్రీనివాస్.

"వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకి బిగించేశారా అన్నయ్యా?" అన్నాను.

"అబ్బో, చెల్లెమ్మ ఇన్‌స్పెక్షన్‌కి వచ్చింది! ముందు అల్లప్పచ్చడి సంగతి చూడమ్మా." ఇద్దరూ నవ్వారు.

నేను మెకానికల్‌లో బీటెక్ చేశాను. మా పుట్టింట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనొక్కదాన్నే. ఆ చదువు శుభలేఖ మీద పనికొచ్చింది.

వాళ్లు టిఫిన్‌కి లోపలికి వెళ్లగానే బండిని చేత్తో తోసి చూశాను. తిన్నగా జారిపోయింది. స్టీరింగ్ తిప్పి తోస్తే లోపలివైపు చక్రం నేలని గీకింది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండిటినీ కలిపి బిగిస్తే ఒకదాన్నొకటి ఈడ్చుకోక ఏం చేస్తాయి? ఒక్క చక్రాన్నే తిప్పితే? చిన్నప్పుడు నాన్న రిక్షా తుడుస్తుంటే, చెయిన్ వెనక చక్రాల్లో ఒక్కదాన్నే తిప్పుతుందని కనిపెట్టాను. మరి బండి ఓ పక్కకి ఎందుకు పోదని నాన్నని విసిగించేదాన్ని. "పక్కకి లాగుద్దే తల్లీ. హ్యాండిల్ పట్టుకునేది అందుకేగా," అనేవాడు. ఈ ఇంట్లో ఆ రిక్షా మాట ఎత్తకూడదు. "మీ నాన్న ఏం చేస్తారని ఎవరన్నా అడిగితే ట్రాన్స్‌పోర్టు అని చెప్పమ్మా, చాలు," అని అత్తయ్య పెళ్లికి ముందే నేర్పారు. మా ఆయన పక్కనే ఉండి ఫోన్ చూసుకున్నారు.

కుడి చక్రాన్ని ఇరుసుతో పాటు తిరిగేలా పట్టి ఉంచే చీల పీకేశాను. చివర నట్టు ఉంది, చక్రం ఊడిరాదు. చున్నీ నడుముకి బిగించి బండెక్కాను. నిజంగానే కొంచెం పక్కకి లాగింది. ఎంత లాగుతుందో చూద్దామని యాక్సిలరేటర్ ఇంకాస్త నొక్కాను. స్టీరింగ్ గట్టిగా పట్టుకుంటే దారికొచ్చింది. గోడ దాకా పోయి చక్కగా తిరిగింది.

చేతులు కడుక్కుంటూ వాళ్లు బయటికొచ్చారు. వెనకే అత్తయ్య.

"ఓర్నాయనో, తిరిగింది! ఎక్కడ నేర్చావమ్మా ఇది?" అన్నాడు శ్రీనివాస్.

"మా ఆవిడ బీటెక్ కదరా!" అన్నారు ఈయన. ఆయన నోట ఆ మాట గర్వంగా రావడం అదే మొదలు. ఆ జవాబుతో ఊరుకోవచ్చు. అబద్ధమూ కాదు. అత్తయ్య నా వంకే చూస్తున్నారు.

బండి దిగకుండానే చెప్పాను.

"కాలేజీలో కాదన్నయ్యా, తెనాలి స్టేషన్ బయట. మా నాన్న రిక్షా తొక్కుతాడు. ఇప్పటికీ దాని మీద బస్తాలు వేసుకెళ్తాడు. వచ్చే ఆదివారం ఆయన్ని ఇక్కడికి టిఫిన్‌కి పిలుస్తున్నాను."