ఖాళీ చేయించి దగ్గించారు

బల్లమీద పడుకోబెట్టి, మూడుసార్లు దగ్గించి, గుడ్డ తడవలేదు కనుక ఆపరేషన్ సక్సెస్ అని రాసుకునే పెద్దమనుషుల్లారా, మీరు కొలిచింది ఎవరి బాగు? ఆ ఆడమనిషి బతుకంతా మీ బల్లమీదే పడుకుని ఉంటుందా?

ఆమెను అందరూ లాండ్రీ అక్క అంటారు. హోటళ్ళ దుప్పట్లు ఉతికేచోట పని. నీళ్ళోడే మూటల్ని మెషిన్లోంచి లాగి, నడుం ఎత్తున ఉన్న తొట్టిలో పడేయాలి. ముగ్గుర్ని కన్న ఒళ్ళు. మూట ఎత్తినప్పుడల్లా మూత్రం జారిపోయేది. నాలుగేళ్ళు పాతగుడ్డలు మడిచి పెట్టుకుని నెట్టుకొచ్చింది. ఆరునెలల కిందట పెద్దాసుపత్రిలో దానికి ఆపరేషన్ చేశారు. ఇప్పుడు తుమ్మితే పడదు. మూట ఎత్తితే పడుతుంది. పైగా కొత్తగా ఇంకో పీడ: వస్తోందనిపిస్తే చాలు, బాత్రూమ్ తలుపు చేరేలోపే అయిపోతుంది.

ఈరోజు ఆఖరి పరీక్ష. పాసయితే కార్డు మూసేస్తారు. మూసేస్తే మళ్ళీ ఉచితంగా చూడరు.

బెంచీమీద పరీక్షకొచ్చిన ఆడవాళ్ళు, ఆమెతో కలిపి ఆరుగురు. నర్సు వచ్చి కేకేసింది.

"అందరూ బాత్రూమ్‌కెళ్ళి శుభ్రంగా ఖాళీ చేసుకు రండమ్మా! బల్లమీద గుడ్డ తడిపారంటే ఆయా నన్ను తినేస్తుంది."

తోడొచ్చిన తోడికోడలు పక్కనే గొణిగింది. "దగ్గడానికి రెండు బస్సులు మారి రావాలా అక్కా? మావయ్య పక్కన కూచుంటే చుట్ట ముట్టించి ఊరికే నేర్పేవాడు."

లాండ్రీ అక్కకు నవ్వాగలేదు. నవ్వుతూనే కాళ్ళు దగ్గరికి బిగించుకుంది. అది అలవాటయిపోయింది.

ఒక్కొక్కరే లోపలికెళ్ళారు, కార్డుమీద ముద్ర వేయించుకుని వెళ్ళిపోయారు. ఆఖరున ఆమె.

"దగ్గు. ఇంకోసారి. గట్టిగా." డాక్టరమ్మ వంగి చూసి చేతులు కడుక్కుంది. "పొడిగా ఉంది. సక్సెస్. కార్డు మూసెయ్."

"పని దగ్గర ఇంకా పోతోందమ్మా. రోజుకి మూడు గుడ్డలు మారుస్తున్నా."

"అదంతా నీ అనుమానం. పరీక్షలో రాలేదుగా?"

"లోపల చుక్క లేకుండా చేసి పంపారు. ఎక్కణ్ణించి వస్తుంది తల్లీ?"

డాక్టరమ్మ నర్సు వైపు చూసింది. నర్సు తల దించుకుంది. "ఎప్పట్నుంచో అందర్నీ అలాగే పంపుతున్నాం మేడం."

గోడమీద చార్టు వేలాడుతోంది: నూటికి తొంభై ఆరుమందికి నయం. డాక్టరమ్మ దానివైపు ఒకసారి చూసి, పెన్ను ముందుకు తోసింది.

"బయట వేరే జబ్బులవాళ్ళు కాచుక్కూచున్నారు. నయమైందని సంతకం పెట్టు."

లాండ్రీ అక్క పెన్ను ముట్టలేదు. బల్ల దిగి, చీర సర్దుకుని, వరండాలో మంచినీళ్ళ కుండ దగ్గరకెళ్ళింది. ఒక గ్లాసు. రెండు. నాలుగు. తోడికోడలు నోరు తెరిచి చూస్తోంది. మూతి తుడుచుకుని మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"గంటాగుతాను. సగం రోజు జీతం ఎలాగూ పోయింది. నిండు బకెట్టు నాచేత ఎత్తించండి, నిలబడి దగ్గమనండి. బస్సులో కూచోగలుగుతున్నావా, మొగుడి పక్కన పడుకోగలుగుతున్నావా అని నన్ను నోరారా అడగండి. నేను చెప్పింది చెప్పినట్టు రాయండి. అప్పుడు పెడతా సంతకం. ఇందాక వెళ్ళినవాళ్ళు ఇంకా బస్సెక్కి ఉండరు. ఆ అయిదుగుర్నీ ముందు వెనక్కి పిలిపించండి."