ఒక నంబరు పెద్దవి

నూట ఎనభై అయిదు అంటే వీడి తలకెందుకు ఎక్కదు, డ్రైవర్ తలుపు తీస్తే పక్కనే కంపెనీవాళ్లు అతికించిన చీటీ మీద అంత స్పష్టంగా రాసి ఉంటే ఈ టైర్ల బీరయ్య నోటికి మాత్రం నూట తొంభై అయిదే వస్తుంది, గవే ఉన్నయవ్వా, పదే గద తేడా, ఏమైతది అంటాడు, పది వాడికి ఏమీ కాదు, టైరు వెడల్పులో వేలెడంత కూడా ఉండదు, సంగమ్మకు మాత్రం ఆ పది అంటే మనవరాలు, ఆ పది వల్లనే కదా వనిత మణికొండలో గది చూసుకున్నది, ఒకటో తారీఖున పోతానంటున్నది, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే కారు, లీటరుకు ఇరవై నాలుగు ఇచ్చేది, చేవెళ్ల నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు రోజూ పోయి రావడానికే ఏరి కోరి కొన్నది, ఇప్పుడు ఇరవై దాటడం లేదు, గిట్లైతే ఇంటికాడికెల్లి తిరుగుడు నాతోని కాదవ్వ అని ఏడాదిగా ఒకటే మాట, ఉన్న టైర్లు అరిగిపోయి ఎట్లాగూ మార్చడానికే వచ్చారు, సరైనవి పడితే ఆ మాట ఆగుతుంది, ఆగాలి, కానీ మొయినాబాద్‌లో ఇన్ని టైర్లు గుట్టలు పోసి పెట్టుకున్న ఈ మనిషి దగ్గర కావలసిన నాలుగు లేవు.

అసలు ఆ పెద్దవి వేయించింది ఎవరు, రెండేళ్ల కింద ఇదే దుకాణం, ఇదే ప్లాస్టిక్ కుర్చీ, వనిత ఇప్పటిలాగే చెవిలో తెల్ల గింజలు పెట్టుకుని ఆఫీసువాళ్లతో మాట్లాడుతూ రోడ్డు వారకు పోయింది, బండికున్న సైజు లేదు, ఒక నంబరు పెద్దయి ఉన్నయి, ఎయ్యాల్నా అక్కా అని బీరయ్య కేకేస్తే, అవ్వనడుగన్నా అన్నట్టు చెయ్యి ఊపింది, అవ్వ ఏమంటుంది, ఎయ్యి బిడ్డా, పెద్దయైతె ఎక్కువ రోజులొస్తయి అన్నది, ఎందుకనదు, వనితకు బూట్లు ఎప్పుడూ ఒక నంబరు పెద్దవే కొన్నది కదా, వేళ్ల దగ్గర పాతగుడ్డ కుక్కి రెండేళ్లు నడిపించింది, లంగాల అంచు లోపలికి మడిచి కుట్టించి ఏటా ఒక మడత విప్పింది, పిల్ల పెరిగి వాటిలోకి వచ్చేది, కారు పెరుగుతుందా, చక్రం వెడల్పైతే బరువైతది, రోడ్డును ఎక్కువ రాసుకుంటది, బ్యాటరీ మీద మెత్తగా జారాల్సిన బండి మాటిమాటికీ పెట్రోలు తాగుతది, ఇదంతా అప్పుడెవరు చెప్పారు, ఎవరూ చెప్పలేదు, కిరాణా పొట్లాల మీద అక్షరాలు కూడబలుక్కుని, బస్సుల బోర్డుల మీద ఇంగ్లీషు నేర్చుకున్న మనిషి, పోయిన వారం కారు తుడుస్తూ తలుపు పక్క చీటీని కూడా చదివింది, వంగి చక్రం మీద అంకెలూ చదివింది, ఒకటి ఎనిమిది అయిదు, ఒకటి తొమ్మిది అయిదు, మళ్లీ చదివింది, వారం రోజులుగా నోరు విప్పలేదు, మనవరాలిని ఇంట్లోంచి తన నోటితోనే వెళ్లగొట్టుకున్నదని ఎట్లా చెప్తుంది.

జర రెండువందల అయిదు చూడరాదవ్వా, బండి రోడ్డు మీద సింహం తీర్గ కూసుంటది అంటున్నాడు బీరయ్య, సింహం నీ ఇంట్ల కూసోపెట్టుకో, నాకు చీటీ మీదున్నదే కావాలె అన్నది సంగమ్మ, గట్లైతే సిటీకెల్లి తెప్పియ్యాలె, సోమారం దాక ఆగు, ఆగుత అన్నది, మైలేజ్ మొత్తం టైర్లతోనే పోలేదవ్వా, ఏసీ లేదా, ట్రాఫిక్ లేదా, సగం గవే తింటయి, గదంత నాకు చెప్పకు అని వాణ్ణి కసిరింది గానీ ఆ సగం అనే మాట లోపల గుచ్చుకున్నది, ఇరవై రెండే వస్తే, ఇరవై రెండుకు ఆగుతుందా పిల్ల, మరి వెడల్పువే తడి రోడ్డును గట్టిగా పట్టుకుంటాయని కూడా వీడే అన్నాడు కదా, ఈ రోడ్డు మంచిది కాదు, ఎదురుగా లారీలు మీదికే వస్తాయి, వాన పడితే మలుపుల దగ్గర నూనె పోసినట్టుంటుంది, సన్నవి వేయిస్తే ఇంట్లో ఉంటుంది, ఉంటే రోజూ ఈ రోడ్డు మీదే తిరగాలి, వెడల్పువి వేయిస్తే భద్రంగా పోతుంది, పోయి ఇక రాదు, ఏ అంకె చెప్పినా తప్పే అయితే ఆ అంకెలు రాసినోడెవడు, పొద్దున కారు మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని నిలబడటం, మొయినాబాద్ దాటినవా అని ఒక ఫోను, చేరినవా అని ఒక ఫోను, ఆ ఫోన్లు కూడా పోతే ఇక పొద్దు ఎట్లా గడుస్తుంది.

వనిత చెవిలో గింజలు తీసి జేబులో వేసుకుంటూ వచ్చింది, ఏమైందన్నా, ఇంక విప్పనే లేదు అన్నది, మీ అవ్వ ఇంజినీరయింది అక్కా, సైజులు నాకే నేర్పుతున్నది అని బీరయ్య నవ్వాడు, సంగమ్మ నవ్వలేదు, బిడ్డా అప్పుడు పెద్దయి ఏపిచ్చింది నేనే, మైలేజ్ పోయింది నా వల్లనే, సోమారం దాక ఆగుదాం, సరైనయి ఏపిద్దాం, మళ్ల ఇరవై నాలుగిస్తది, నీకు గది ఎందుకు అని ఒక్క ఊపిరిలో అనేసింది, వనిత గుట్టలో పైనున్న టైరు మీద చెయ్యి ఆనించి, రబ్బరు వెంట్రుకలను గోటితో గిల్లుతూ నిలబడ్డది, నాకెర్కనే అవ్వ అన్నది, ఎర్కనా, ఎప్పటిసంది, అవి ఏసిన రెండో నెలల్నే చూసిన, మరి అప్పుడే ఎందుకు మార్పియ్యలే పిల్లా, బీరయ్య ఏదో పని ఉన్నట్టు లోపలికి పోయాడు, ఇరవై నాలుగిచ్చినా పోతుంటి అవ్వ, నాకు నా గది కావాలనిపిస్తున్నది అంతే, నీకు గా మాట చెప్పబుద్ధి కాలే, అన్నది తలెత్తకుండా.

కోపం వచ్చింది, ఏడాది సంది ఉత్త మైలేజ్ మీద పెట్టి నన్ను ఏడిపిస్తవా అని నోటిదాకా వచ్చి, అక్కడే ఆగింది, ఎందుకంటే పిల్ల ముఖంలో ఉన్నది మోసం కాదు, భయం, ఆ భయం సంగమ్మ ఇదివరకూ చూసిందే, మొగడు బిక్షం బొంబాయి పోయిన నాడు అన్నం ముందు కూర్చుని ఏమే, ఒక మాట ఇను అన్నాడు, పప్పుల ఉప్పు తక్కువైందా అని తాను లేచిపోయింది, వచ్చేసరికి మనిషి లేడు, బిడ్డ నీలవేణి, ఈ పిల్ల తల్లి, దవాఖానలో చెయ్యి పట్టుకుని అమ్మా ఇను అన్నది, ఏం గాదు, మాట్లాడకు అని చెయ్యి విడిపించుకుని మందుల కిటికీ దగ్గరికి ఉరికింది, తిరిగొచ్చేసరికి ఊపిరి లేదు, అందరూ చెప్పకుండానే పోయారని ఇన్నేళ్లు ఏడ్చింది, కాదు, చెప్పబోయారు, తానే విననివ్వలేదు, పోతున్న అనే మాట పుట్టకముందే ఏదో ఒక పని అడ్డం పెట్టింది, ఇప్పుడు నాలుగు టైర్లు అడ్డం పెడుతున్నది, కుర్చీలోంచి లేచి వనిత చేతిని టైరు మీంచి తీసి తన చేతిలోకి తీసుకున్నది, ఆ గది ఎట్లున్నది, కిటికీ ఉన్నదా, ఎవలుంటరు నీతోని, చెప్పు బిడ్డా, ఇంటున్న అన్నది.