చిట్టెమ్మ చెప్పిన ఉప్పు కుప్ప

కీర్తనా, ఇలా రాయే. ఆ ఫోను పక్కనెట్టి నా మంచం మీద కూకో. నిన్న సండేస్కూలు పిల్లలకి లోతు భార్య కథ చెప్తూ "మాట వినలేదు, ఉప్పు స్తంభమైపోయింది, అంతే" అని ఒక్క ముక్కలో ముగించేసేవంట. అంతే కాదే. ఆ కథ మూలంగా చిట్టెమ్మమామ్మ బాప్తిస్మం ఆగిపోబోయింది. నువ్వప్పటికి చంటిపిల్లవి. అది విను.

చిట్టెమ్మ నాకు మరదలు, మా తమ్ముడు పైడయ్య పెళ్ళాం. మా ఊరు ఇప్పుడు స్టీలు ప్లాంటు గోడ లోపలుంది. ఉందని అనడమే గానీ, లేదు. ప్లాంటు కోసం ఊరు ఖాళీ చేయించి మమ్మల్ని కూర్మన్నపాలెం పక్కన కాలనీలో పెట్టేరు. అంతకు ముందు మా ఆడోళ్ళందరం ఉప్పు మడుల్లో పనికెళ్ళేవోళ్ళం. మడిలో నీరెండేక ఉప్పుని లాగి గట్టు మీద కుప్ప పోసేవోళ్ళం. మనిషెత్తు కుప్ప. చుట్టూ చెట్టూ లేదు పుట్టా లేదు, అంతా బల్లపరుపు. ఎవరి మడి ఎక్కడో ఆ తెల్ల కుప్పని బట్టే ఆనవాలు పట్టేవోళ్ళం. ఇది గుర్తెట్టుకో, తరవాత కావాలి.

కాలనీకొచ్చేక ముందు నాను సంఘంలో చేరేను, చాలా ఏళ్ళకి పైడయ్య చేరేడు. చిట్టెమ్మ మాత్రం "ముందు నువ్వు ములుగు, నీళ్ళు సల్లగున్నాయో లేదో సెప్పు, అప్పుడు సూద్దాం" అని మొగుణ్ణి ఎగతాళి చేసేది. వాడు బాప్తిస్మం తీసుకున్న రెండేళ్ళకి పోయేడు. సంఘం సమాధుల తోటలో పెట్టేరు. వాడి పక్కన ఇంకొకరికి చోటుంది. కానీ బాప్తిస్మం లేనోళ్ళకి అక్కడ చోటివ్వరు. దాంతో చిట్టెమ్మకి ఎగతాళి పోయింది. ప్రతి ఆదివారం ముందు వరసలో కూకునేది. "ఆడి పక్కన తొంగోవాలొదినా, ఇంకేటొద్దు" అనేది. అందుకోసమే వచ్చిందనుకోకు. అది మోకాళ్ళ మీద చేసే ప్రార్థన నాను చెయ్యలేను.

అప్పటి పాస్టరు శ్రీరామ్మూర్తిగారు. వాళ్ళ నాన్న కృష్ణా జిల్లా నుంచి ప్లాంటులో ఉద్యోగానికొస్తే ఇక్కడే పెరిగేరు. మంచాయనే గానీ, ఉప్పుని పాకెట్టులో తప్ప చూడలేదు. బాప్తిస్మానికి ముందు ఒక్కొక్కర్నీ కూకోబెట్టి ప్రశ్నలడిగేవోరు. ఆ నెల్లో ఆయన చెప్పింది లోతు కథ. పాపం పండిన ఊరిని దేవుడు కాల్చేయబోతూ లోతు కుటుంబాన్ని బయటికి పంపడం, అల్లుళ్ళు నమ్మక ఊళ్ళోనే ఉండిపోవడం, వద్దన్నా ఆ భార్య వెనక్కి చూడడం, అంతా చెప్పేరు. అందుకని చిట్టెమ్మని అదే అడిగేరు.

"లోతు భార్య చేసిన తప్పేంటమ్మా?"

"తప్పేటి బాబూ? ఆవిణ్ణి దేవుడు ఉప్పు కుప్ప సేసేడు కదా."

"అవును. ఎందుకు చేశాడు?"

"ఊరు కాలిపోయింది. ఆనవాలొకటి ఉండాలి కదా. లేపోతే ఆ ఊరోళ్ళు ఎవులైనా తిరిగొత్తే, మా ఊరెక్కడని ఎతుక్కుంటారు?"

వెనక బెంచీ మీదోళ్ళు కిసుక్కుమన్నారు. పాస్టరుగారు నవ్వలేదు. "అది శిక్షమ్మా. మీకింకా వాక్యం అర్థం కాలేదు. వచ్చే ఏడాది చూద్దాం" అన్నారు.

దానికప్పటికే గుండె జబ్బు. వచ్చే ఏడాది దాకా ఉంటాదని డాక్టరు కూడా గట్టిగా చెప్పలేదు. నాను పాస్టరుగారింటికెళ్ళి ఆ సంగతి చెప్పి బతిమాలేను. శుక్రవారం ఇంకోసారి తీసుకురమ్మన్నారు. ఇంటికొచ్చి దానికి నేర్పడానికి కూకున్నాను.

"మాట వినలేదు, అందుకు శిక్షించేడు అను. రెండు ముక్కలు."

"నా మనసుకి అలా లేదొదినా."

"నీ మనసెవడడిగేడే? పాస్టరుగారికన్నా నీకెక్కువ తెలుసేటి?"

"తెల్దు. నాకు తెలిసిందే తెలుసు."

"పైడయ్య పక్కన చోటు కావాలా, వద్దా?"

రెండ్రోజులు బియ్యం ఏరుతూ, బట్టలు జాడిస్తూ ఆ రెండు ముక్కలూ వల్లించింది.

శుక్రవారం ఆయన అదే ప్రశ్న అడిగేరు. చిట్టెమ్మ "మాట వినలేదు" వరకూ వచ్చి ఆగిపోయింది. నా వేపు చూసింది. కానియ్యవే అని కళ్ళెర్రజేసేను.

"బాబూ, వదిన సెప్పమన్నది సెప్పనా, నాకు తెలిసింది సెప్పనా?"

నాకు తల కొట్టేసినట్టయింది.

"తెలిసిందే చెప్పండి" అన్నారాయన.

"ఊరు కాలీ సేసిన్రోజున లారీ ఎక్కేం. సచ్చినోళ్ళని సాగనంపి ఎలాగొత్తామో అలాగే రావాల, ఎవులూ ఎనక్కి సూడొద్దని పెద్దోళ్ళన్నారు. నాను సూసేను. ఉప్పు మడి గట్టు కాడ నా పెద్దకూతుర్ని కప్పెట్టేం. లారీ మలుపు తిరిగేదాకా సూసేను. దేవుడు నన్నేటీ సెయ్యలేదు. ఆ తరవాత ఇద్దరు కొడుకుల్నిచ్చేడు. నా మీద రాని కోపం ఆవిడి మీదెందుకొత్తాది? అల్లుళ్ళు ఊళ్ళోనే ఉండిపోయేరని మీరే సెప్పేరు. అల్లుళ్ళున్న కాడ కూతుళ్ళుండరా?"

పాస్టరుగారు చేతిలో పుస్తకం మూసేరు. "పాప పేరేంటమ్మా?"

"ముసలమ్మ. అమ్మోరి పేరెట్టేం. మూణ్ణెల్లు బతికింది."

ఆయన మెల్లిగా అన్నారు. "మీరు చెప్పిన అర్థం సరైంది కాదమ్మా. ఆమెని వద్దన్నది దేవుడు. మిమ్మల్ని వద్దన్నది మీ ఊరి పెద్దలు. ఆ తేడా ఉంది. ఆమెది తప్పు కాదని నేను చెప్పలేను."

చిట్టెమ్మ తల వంచుకుంది. నాను లేవబోయేను.

"కానీ లోతు భార్య సంగతి తెలిస్తేనే బాప్తిస్మం అని ఎక్కడా లేదు. నేను అడగాల్సింది అది కాదు. యేసుప్రభువుని నమ్మారా?"

"నమ్మకపోతే, మా ముసలమ్మ ఇన్నాళ్ళూ ఎవరి కాడుందనుకుంటన్నారు బాబూ?"

"ఆదివారం రండి" అన్నారు.

అప్పికొండ దగ్గర సముద్రంలో ఇచ్చేరు. మునిగి లేస్తూనే వెనక్కి తిరిగి, మా ఊరుండే ప్లాంటు చిమ్నీల వేపు చూసింది. పాస్టరుగారు గమనించేరు, చెయ్యందించి ఒడ్డుకి తీసుకొచ్చేరు. ఆటోలో వస్తుంటే చేతుల మీద నీరారి తెల్లగా పేరుకుంది. గోటితో గీకి నాకు చూపించి "సూడొదినా, నన్నూ ఉప్పు సేసేడు" అంది. ఇద్దరం పగలబడి నవ్వితే ఆటోవాడు వెనక్కి తిరిగేడు. "ముందుకి సూడు బాబూ, నువ్వూ ఉప్పయిపోగలవు" అంది వాడితో.

ఎనిమిది నెలలకి పోయింది. పైడయ్య పక్కనే ఉంది.

ఎవరు చెప్పిన అర్థం నిజమో నాకు ఇప్పటికీ తెల్దు. దేవుడు వద్దన్నాక చూడ్డం తప్పే అనిపిస్తాది ఓ పూట. ఇంకో పూట లారీలో దాని మొహం గుర్తొస్తాది. అందుకని వచ్చే ఆదివారం పిల్లలకి మళ్ళీ చెప్పమ్మా. పాస్టరుగారి మాటా చెప్పు, చిట్టెమ్మ మాటా చెప్పు. ఉప్పు కుప్ప ఎంతెత్తుండేదో చెయ్యెత్తి చూపించు. నాను నేర్పిన రెండు ముక్కలూ దాచకు, నవ్వితే నవ్వనీ. ఆ పిల్ల పేరు మాత్రం మర్చిపోకు. ముసలమ్మ. ఏదీ, ఓసారి నాకు చెప్పు, వింటాను.