నల్లోళ్ళ నాటకానికి నిర్మాత

"మళ్ళీ ఆ నల్లోళ్ళ నాటకమేనేటి?" అన్నాడు ఫ్రాంక్లిన్, గిన్నెలు తోముతున్న పెళ్ళాం పక్కన ఇంకో ఎంగిలి పళ్ళెం పెడుతూ.

కెరెన్ నవ్వుకుంది. మళ్ళీ అదే. అహ్లోన్ తెలుగు చర్చి హాల్లో ఇదివరకు ఆమె వేయించిన రెండు నాటకాలూ అమెరికా నల్లవాళ్ళ కథలే. తాతలు కూలికి వలసొచ్చిన, బయటి గాలి రానీకుండా తలుపులన్నీ బిడాయించుకు కూర్చున్న ఈ దేశంలోకి అవెలా వచ్చాయంటే, బోటాటౌంగ్ రేవులో ఓడవాళ్ళు తూకానికి అమ్మేసిన పాత పత్రికల్లో వచ్చాయి. బజార్లో ఈ దేశంవాళ్ళెవరైనా తనని "కలా" అని, అంటే నల్ల పరాయిదని, వెక్కిరించినప్పుడల్లా ఆ కథల్లోని మనుషులు తమ పేటవాళ్ళేననిపించేది ఆమెకి. కూర్చుని తెలుగు చేసేసింది.

మొదటి నాటకం తలుచుకుంటే ఇప్పటికీ పొట్ట చెక్కలవుతుంది. క్రిస్మస్ నాటకాల అలవాటు కొద్దీ అందరూ దట్టంగా పౌడరు కొట్టుకొచ్చారు. బానిసల గుంపంతా సున్నం వేసిన గోడలా నిలబడింది. "ఒలె బాలామణీ, కడుక్కోండే! ఈ నాటకానికి రంగు దేవుడే ఏసి పంపాడు మనకి" అంది కెరెన్. ఆ రోజు నిగనిగలాడుతూ స్టేజి ఎక్కిన బాలామణి, ఇప్పుడు చర్చికి కూడా పౌడరు లేకుండానే వస్తోంది.

ఇంతా చేస్తే కరపత్రం మీద 'నిర్మాత: ఫ్రాంక్లిన్' అని ఉండేది. తెర కుట్టింది, చీరలు అడిగి తెచ్చింది, ఇరవైమందికి టీ కాచి కప్పులు కడిగింది ఆమె. మైకు ముందు మాట్లాడేది మాత్రం ఆయన. "ఆడపేరు ఏస్తే ఎవులొస్తారే?" అనేవాడు. ఆమెకి కడుపు మండేది, ఆ మంటతోనే మిగతా కప్పులు తోమేది.

ఈ ఏడు సంగతి వేరు. పోయినేడు ఊరంతా సర్కారు మీద తిరగబడి వీధుల్లోకొచ్చి, తుపాకులు పేలాక, నాటకానికి పేట ఆఫీసులో నిర్మాత సంతకం కావాలన్నారు. ఏదైనా తేడా వస్తే జైలుకెళ్ళేది ఆ సంతకం పెట్టినవాళ్ళే. కాగితం చూడగానే ఫ్రాంక్లిన్ ముక్కు మీదున్న కళ్ళజోడు కోసం ఇల్లంతా వెతికాడు. "నాటకం నీదే కదేటి? నువ్వే ఎట్టెయ్" అన్నాడు చివరికి.

కెరెన్‌కి భయమేసింది. ఆ భయంతో పాటే గంతులేసేంత సంతోషం కూడా కలిగింది. కుదురుగా, పేరు మొత్తం రాసి సంతకం పెట్టింది.

అనుమతి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం హాలు కిటకిటలాడింది. పేట ఆఫీసు పెద్దమనిషి ముందు వరసలో కూర్చుని నవ్వుతున్నాడు. అది చూశాక ఫ్రాంక్లిన్‌కి ధైర్యం వచ్చింది. కోటు సర్దుకుని మైకు వైపు నడిచాడు.

కెరెన్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. తెర తాడు తెచ్చి ఆ చేతిలో పెట్టింది.

"సంతకం నాదండీ. మైకూ నాదే. నాను చెప్పినప్పుడు లాగండి."