‘ప’ దగ్గర ఆగే గొంతు

నేను ఒక హెడ్‌సెట్‌ని. నాకు రెండు చెవులున్నాయి, ఒక నోరుంది, తల మాత్రం ఎప్పుడూ ఇంకొకరిదే. చిన్న విమానాల్లో ఇంజను హోరు మధ్య ఒకరి మాట ఒకరికి వినబడాలంటే నన్ను తగిలించుకోవాలి. చెవులకు ఆకుపచ్చ డిప్పలు, పెదవుల ముందుకు వంగే సన్నని కడ్డీ, దాని కొసన వేరుశనగ గింజంత మైకు. ఇంతే నేను.

ఎక్కడో సముద్రాల అవతల ఒక కార్ఖానాలో పుట్టాను. బల్ల ముందు కూర్చున్న ఒకావిడ నన్ను తలకు పెట్టుకుని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి, పని చేస్తున్నానని రూఢి చేసుకుని పెట్టెలో పడేసింది. నేను విన్న మొదటి మాటలు అవే. ఆ మూడు అంకెల తర్వాత మనుషులు ఇంకేం మాట్లాడుకుంటారో అన్న ఆత్రం అప్పుడు పుట్టింది. ఇప్పటికీ తీరలేదు.

పెట్టె తెరిచింది రుత్విక్ అనే కుర్రాడు. హైదరాబాదులో మార్బుల్ వ్యాపారం చేసే ఆయన కొడుకు. కంది చేల మధ్య ఉన్న ఒక ఫ్లయింగ్ స్కూల్లో కమర్షియల్ పైలట్ కోర్సులో చేరాడు. అతని మాట ధారాళం. రేడియోలో అతను మాట్లాడుతుంటే ఇరవై ఏళ్లుగా విమానం నడుపుతున్నవాడని ఎవరైనా అనుకుంటారు. ఆకాశంలో కంటే ఫొటోల్లోనే నన్ను ఎక్కువసార్లు పెట్టుకున్నాడనుకోండి. ఆరు నెలలకు చప్పుడును తనంతట తానే తగ్గించుకునే కొత్తరకం హెడ్‌సెట్ ఒకటి వచ్చింది. నన్ను స్కూలుకు ఇచ్చేశాడు. స్టోరు చూసే యాదగిరి నన్ను గోడ మేకుకు తగిలించాడు.

ఆ మేకు మీద నుంచి నన్ను తీసింది సుమేధ.

జగిత్యాల పిల్ల. ఇరవై ఏళ్లుంటాయి. సొంత హెడ్‌సెట్ లేదు కాబట్టి స్కూలు వస్తువునైన నేను ఆమె వాటాకు వచ్చాను. పక్క సీట్లో శిక్షకుడు కెప్టెన్ మొహియుద్దీన్. సైన్యంలో ఎన్నో ఏళ్లు విమానాలు నడిపి వచ్చిన మనిషి. ఆమె చేతులు పని చేసే తీరు మొదటి రోజే ఆయనకు నచ్చింది. గాలి రెక్కను ఎగదోసినా ఆమె కంగారుపడదు. చాయ్ గ్లాసు తొణక్కుండా నడిచినట్టు విమానాన్ని తీసుకెళ్తుంది.

"సరే, ఇప్పుడు రేడియోలో చెప్పు. మన పేరు, మనం ఎక్కడున్నమో" అన్నాడాయన.

మా విమానం పేరులోని కె, పి, ఆర్ అక్షరాలను రేడియోలో కిలో పాపా రోమియో అనాలి. సుమేధ బటన్ నొక్కింది. "కిలో..." అంది. ఆ తర్వాత ఏమీ లేదు. పెదవులు మూసుకుని బిగుసుకుపోయాయి. వాటికి వేలెడు దూరంలో ఉన్నాను నేను. వెనకాల మాట తోసుకు రావడం, తలుపు తెరుచుకోకపోవడం నాకు తెలుస్తూనే ఉంది. చివరికి కెప్టెన్ తన వైపు బటన్ నొక్కి తానే చెప్పేశాడు.

ఆమెకు నత్తి. అన్ని అక్షరాలకూ కాదు, ముఖ్యంగా ‘ప’కు. చిన్నప్పుడు ఏమవుతావని ఎవరడిగినా పైలట్ అనడానికి రాక, విమానం నడుపుతా అని చెప్పేదట. ఈ సంగతి కెప్టెన్‌కు ఆమే చెప్పింది, నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

"చూడు సుమేధా, విమానం మంచిగ తిప్పుతున్నవ్. గని నువ్వు బటన్ నొక్కి ఊకుంటే, అంతసేపు ఇంకెవ్వరి మాట వినపడదు. రేడియో అందరికీ ఒక్కటే దారి. ఆ దారి మధ్యల నిలబడ్డట్టు లెక్క. అది సాఫ్ అయ్యేదాక నిన్ను ఒంటరిగ పంపలేను."

నలుగురు తోటివాళ్లు ఒంటరిగా ఎగిరి వచ్చారు. దిగినవాళ్ల మీద బకెట్లతో నీళ్లు పోసి సంబరం చేశారు. సుమేధ కూడా ఒక బకెట్ పట్టుకుంది. రుత్విక్ ఆమెతో, "టెన్షన్ పడకు, ఎయిర్ హోస్టెస్ అయినా విమానమే కదా" అన్నాడు. ఓదార్పు అనే అనుకున్నాడు పాపం.

ఆ సాయంత్రం యాదగిరిని అడిగి నన్ను హాస్టల్‌కు తీసుకెళ్లింది. వైరు ఎక్కడా కలపకుండానే తలకు పెట్టుకుని, ఫోన్ స్పీకర్లో తల్లితో మాట్లాడింది. తల్లి భూలక్ష్మి జగిత్యాల బస్టాండులో అనౌన్సర్. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో రోజంతా మైకులో చెప్పడమే ఆమె ఉద్యోగం. ఆ గొంతు వినగానే నేను నిటారుగా అయినట్టనిపించింది. ఇన్నాళ్లకు నా వృత్తి మనిషి దొరికింది.

"నెమ్మదిగ మాట్లాడమని అందరు చెప్తరమ్మా. నెమ్మదిగ మాట్లాడినా అక్కడికొచ్చి ఆగుతనే ఉంది" అంది సుమేధ.

"ఆగితే ఆగనీ బిడ్డా. నువ్వు బటన్ నొక్కి ఆగుతున్నవ్. నొక్కకముందే ఆగు. నేను పొద్దుకు రెండొందల సార్లు మైకు పట్టుకుంట. మొత్తం మాట నోట్లె పెట్టుకున్నంకనే స్విచ్ ఏస్త. ఏసినంక ఒక్క ఊపిరి. అప్పుడు మొదలువెడ్త."

"అప్పుడు కూడ రాకుంటే?"

"స్విచ్ తీసెయ్. మళ్ల ఏసుకో. మైకు యాడికి పోతది?"

నెలన్నర రోజులు ఆ గదిలో తల్లీకూతుళ్లు బస్సులూ విమానాలూ కలిపి పిలిచారు. తల్లి ధర్మపురి బస్సును పిలిస్తే, కూతురు కిలో పాపా రోమియోను పిలిచేది. నత్తి పోయిందని చెప్తే అబద్ధమవుతుంది. పదిసార్లలో రెండుసార్లు ఆగేది. కాకపోతే ఆగినప్పుడు ఇదివరకటిలా బిగుసుకుపోయేది కాదు. వదిలి, ఊపిరి తీసుకుని, మళ్లీ పట్టుకునేది.

కెప్టెన్ వారం రోజులు పక్కన కూర్చుని విన్నాడు. ఒక ఉదయం రన్‌వే పక్కన విమానం ఆపించి, తలుపు తీసుకుని తాను దిగిపోయాడు. "ఒక్క చుట్టు తిరిగి రా. నేను రేడియో గదిల ఉంట" అన్నాడు.

ఆమె ఒంటరిగా ఎగిరిన ఆ పది నిమిషాలూ నేను మర్చిపోలేను. మొదట ఆమె నవ్వింది. నాకు తప్ప ఎవరికీ వినపడని నవ్వు. మలుపు మలుపు దగ్గరా ఎక్కడున్నదీ రేడియోలో చెప్పింది. ‘పాపా’ మూడుసార్లూ సాఫీగా వచ్చింది. దిగడానికి రన్‌వేకు ఎదురుగా వచ్చింది.

అప్పుడు నాకు బాగా తెలిసిన గొంతు వినిపించింది. రుత్విక్. "రన్‌వే మీదికి వస్తున్నాను" అని చక్కటి ఇంగ్లిషులో, ఒక్క అక్షరం తొణక్కుండా చెప్పాడు. తప్పల్లా ఒకటే. దిగడానికి ఎవరైనా వస్తున్నారా అని తలెత్తి చూడలేదు. అతని విమానం వచ్చి సరిగ్గా మా ముందు నిలబడింది.

సుమేధ బటన్ నొక్కింది. "కిలో..." అంది. ‘ప’ రాలేదు.

ఒక్క క్షణం. వేలు బటన్ మీద నుంచి తీసేసింది. ఇంజను జోరు పెంచే థ్రాటిల్‌ను చివరిదాకా తోసి, ముక్కు పైకెత్తి, విమానాన్ని కొంచెం కుడివైపుకు జరిపింది. బటన్ వదిలిన మరుక్షణం రేడియోలో కెప్టెన్ గొంతు పగిలినట్టు వినిపించింది. "రుత్విక్, ఆగు. కదలకు." కదలబోతున్న విమానం ఆగిపోయింది. దాని పక్కగా, పైనుంచి మేం వెళ్లిపోయాం.

బాగా ఎత్తుకు వెళ్లాక ఆమె ఊపిరి తీసుకుని, "కిలో పాపా రోమియో, మళ్లీ చుట్టి వస్తున్నాను" అని చెప్పింది. రెండోసారి మెత్తగా దిగింది.

దిగాక ఆమె మెడలో వేలాడుతున్నాను నేను. "సార్, మాట రాలేదు. సరిగ్గ అప్పుడే రాలేదు" అంది.

"విన్న. మాట రానప్పుడు ఏం చేసినవ్?"

"బటన్ వదిలేసి పైకి లేపిన."

"బటన్ వదిలినవ్ కాబట్టే వాన్ని ఆపగలిగిన. పట్టుకొని కూసుంటే నా మాట వానికి పోకపోతుండె. వాడు కూడ లేస్తే ఇద్దరూ గాలిల కలుస్తుండె. ముందు విమానం, తర్వాత మాట. ఈ సంగతి మస్తు మాట్లాడేటోళ్లకు చెప్తే ఎక్కదు."

రుత్విక్ వచ్చి ఏదో చెప్పబోయాడు. ఎన్నడూ లేనిది, అతనికీ మాట రాలేదు. చివరికి అందరికంటే ముందు అతనే బకెట్ నీళ్లు తెచ్చి ఆమె మీద పోశాడు. నేనూ తడిసి రెండు రోజులు ఎండలో ఆరాను.

రేడియో లైసెన్సు పరీక్షలో మొదటిసారి ఆమె తప్పింది. రెండోసారి గదిలోకి వెళ్లగానే, "సార్, నాకు నత్తి ఉంది. ఒక్కో మాటకు ఒక క్షణం ఎక్కువ పడుతుంది. తప్పు మాత్రం చెప్పను" అని ముందే చెప్పిందట. పరీక్ష పెట్టేవాళ్లు ఆ క్షణం ఇచ్చారు. ఆమె తప్పు చెప్పలేదు. ఇదంతా ఆమె వచ్చి కెప్టెన్‌కు చెబుతుంటే విన్నాను. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన గంటలన్నీ పూర్తయ్యాక నన్ను తడిగుడ్డతో తుడిచి స్టోరులో అప్పగించి వెళ్లింది. దాచుకుంటుందేమో అనుకున్నాను. స్కూలు వస్తువని గుర్తు పెట్టుకుంది. నాకు కాస్త కష్టంగానే అనిపించింది.

తర్వాత ఎన్నో తలలు మారాయి. ఒక చెవి పనిచేయడం మానేసింది. మొన్న యాదగిరి బల్ల మీద, విప్పిన డిప్పలతో పడి ఉన్నాను. ఢిల్లీ వెళ్లొచ్చిన కెప్టెన్ వచ్చి బల్ల అంచున కూర్చున్నాడు.

"యాదగిరీ, నేనొచ్చిన విమానంల సుమేధ ఉండె. కో పైలట్."

యాదగిరి టంకం కడ్డీ పక్కన పెట్టాడు. "మాట్లాడిందా సార్?"

"దిగే ముందు మైకుల అనౌన్స్ చేసింది. నడిమిట్ల ఒక్కకాడ ఆగింది. నా పక్క సీటాయన మైకు ఖరాబైందన్నడు. జర ఆగు భాయ్, వస్తదన్న."

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏం చెప్పింది సార్?"

"హైదరాబాద్‌ల ముప్పై రెండు డిగ్రీలట. ఎండ మంచిగున్నదట."