కడగకూడని సీటు

"రెక్సిన్ అయితే కడుక్కోవచ్చు" అంది భ్రమరాంబ, కోడలి వైపు చూడకుండా.

ఎవరు కడగాలో చెప్పలేదు. బడిలో పిల్లలకు కర్త, కర్మ, క్రియ నేర్పే పద్మావతికి తెలుసు, ఆ ఇంట్లో కడగడమనే క్రియకు కర్త ఒక్కతే.

ఆమె కందిపప్పు ఏరుతోంది. పాత ఫియట్ సీట్ల గుడ్డ చిరిగి పీచు బయటపడింది. కొత్తవి తోలువా, రెక్సినువా అని వారం నుంచి చర్చ. ఆ చర్చలో ఆమెకు మాట లేదు. చర్చంతా ఆమె గురించే.

గుడ్డకు మైల అంటుతుందని అత్తగారి శాసనం. అందుకే బయట ఉన్న రోజుల్లో పద్మావతి కారెక్కదు. ఆ రోజుల్లో ఆమె వంటింటి గడప తొక్కకూడదు, కానీ ఇంటిల్లిపాది దుప్పట్లూ ఉతకవచ్చు. దేవుడి గదిలోకి తొంగి చూడకూడదు, కానీ బడికి వెళ్ళి జీతం తేవచ్చు. జీతానికి మైల లేదు. పోయిన వేసవిలో హెడ్‌మిస్ట్రెస్ ఉద్యోగానికి నాంపల్లిలో ఇంటర్వ్యూ సరిగ్గా ఆ రోజుల్లోనే పడింది. కారు ఇంటి ముందే ఉంది. 'రైలుంది కదా' అన్నాడు మొగుడు, పేపరు దించకుండా. ఎండలో లింగంపల్లి స్టేషనుకు నడిచింది. రైలు ఆమె కళ్ళముందే కదిలిపోయింది. ఉద్యోగం ఇంకొకరికి పోయింది. 'నీ రాత' అన్నారు ఇంట్లో. రాత కాదు, సీటు గుడ్డ. ఇప్పుడు ఆ ఉద్యోగం మళ్ళీ ఖాళీ అయింది. ఇంటర్వ్యూ తేదీ చూసి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ ఆ రోజుల్లోనే.

"చూశావా, అమ్మ నీకోసమే రెక్సిన్ అంటోంది" అన్నాడు మొగుడు కామేశ్వరరావు, వరమిస్తున్నట్టు. "వెనక సీట్లో కూర్చుందువుగాని. దిగాక రెండు చెంబులు పోసి తుడిచేస్తే సరి."

రెండు చెంబులు. వీధిలో, కారు తలుపులు బార్లా తీసి. ఇవాళ వాళ్ళ కోడలు బయట ఉందని ఎదురింటి వాళ్ళకూ పక్కింటి వాళ్ళకూ తెలిసేలా.

ఆదివారం లింగమూర్తి కొట్టుకు వెళ్ళారు. ఊళ్ళో కార్ల సీట్లు కుట్టేది అతనే. రెండు ముక్కలు ఆమె చేతిలో పెట్టాడు.

"రెక్సిన్ సస్తా అమ్మా, తక్కువ పైసలకే ఒస్తది, రంగులు మస్తున్నయి. కానీ ఎండల కూసుంటే చీర అంటుకపోతది. తోలుకైతే గాలాడుతది. జర నూనె రాయాలె, గంతే. నీళ్ళు మాత్రం పోయొద్దు. ఖరాబైతది."

"ఒక్క చెంబు కూడానా?"

"చెంబా! ఇగ అంతే సంగతి."

తోలు ముక్కను ఆమె వేళ్ళతో నొక్కింది. వేడిగా లేదు, చల్లగా లేదు. తోలుకు నీళ్ళు తగలకూడదన్న మాట ఇదివరకే విన్నది. మామగారు రామబ్రహ్మం జింక తోలు మీద కూర్చుని జపం చేస్తాడు. ఒకసారి ఆమె బయట ఉన్నప్పుడు గాలికి చెంగు ఎగిరి, ఆరబెట్టిన ఆ తోలు మీద పడింది. అత్తగారు చెంబెత్తింది. ఆయన పంచె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "ఆగవే! తోలుకు మైల లేదు! నీళ్ళు పోస్తే పాడైపోతుంది!" ఆయన వస్తువు మీదికి వచ్చేసరికి శాస్త్రం అంత మెత్తబడింది.

"మీ చీఫ్ ఇంజనీరు గారి కారులో ఏ సీట్లండీ?" అని అడిగింది మొగుణ్ణి.

కామేశ్వరరావు గడ్డం నిమురుకున్నాడు. "తోలే వెయ్యవయ్యా" అన్నాడు లింగమూర్తితో. "రెక్సిన్‌దేముంది, బస్సుల్లోనూ అదే."

కారు ఇంటికొచ్చిన రోజు భ్రమరాంబ చెవులు మూసుకుంది. "శివశివా! చచ్చిన గొడ్డు మీద కూర్చోమంటారా?"

"జింక మాత్రం బతికుండి ఇచ్చిందా?" అన్నాడు రామబ్రహ్మం. అప్పటికే ముందు సీట్లో చేరగిలబడ్డాడు. ఆయనకు సుఖంగా ఉంది. ఆ ఇంట్లో వాదాలు అక్కడితో ఆగిపోతాయి.

ఇంటర్వ్యూ రోజు పొద్దున్నే పద్మావతి కారెక్కింది. ముందు సీటు. ఫైలు ఒళ్ళో పెట్టుకుంది.

కామేశ్వరరావు తాళంచెవితో నిలబడిపోయాడు. "నువ్వు ఇవాళ..."

"అవును, బయట ఉన్నాను. పదండి, ఆలస్యమవుతుంది."

"ఏమండీ, చూస్తూ కూర్చున్నారే!" భ్రమరాంబ చెంబుతో వచ్చింది. "దాన్ని దించి కడిగించండి!"

అరుగు మీద రామబ్రహ్మం నిగనిగలాడే సీటును చూశాడు. చెంబును చూశాడు. "తోలుకు..." అని ఆగిపోయాడు.

"మైల లేదు" అని పూర్తిచేసింది పద్మావతి. "మామయ్యగారి మాటే, అత్తయ్యగారూ."

కారు కదిలింది.

ఉద్యోగం ఆమెదేనని అక్కడే చెప్పారు. సాయంత్రం వచ్చేసరికి భ్రమరాంబ గుమ్మంలోనే ఉంది, చేతిలో నిండు చెంబుతో. పద్మావతి దిగింది. చెయ్యి చాచి ఆ చెంబు అందుకుంది. పొద్దుటి నుంచి దాహంగా ఉంది. ఎత్తి, చివరి చుక్క దాకా తాగింది.



ఖాళీ చెంబు అత్తగారి చేతుల్లోనే పెట్టింది.

"ఇది ఇత్తడి, అత్తయ్యగారూ. కడుక్కోవచ్చు."